కాలిపర్ బరువు ఎక్కడ తగ్గాలి

పోలియో కాలికి ఊతగా తొడిగే కాలిపర్ల మాట వస్తే మనలో చాలామందికి అబ్దుల్ కలాం చెప్పిన సంగతి గుర్తొస్తుంది. ఆయన హైదరాబాద్‌లో క్షిపణుల పనిలో ఉన్న రోజుల్లో నిమ్స్ నుంచి ఒక ఎముకల డాక్టరు ప్రయోగశాల చూడ్డానికి వచ్చారు. అగ్ని క్షిపణి కోసం తయారుచేసిన తేలికపాటి పదార్థాన్ని చేతిలోకి తీసుకుని, ఇంత తేలికా అని ఆశ్చర్యపోయి, కలాంని తనతోపాటు ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ పిల్లలు 3 కిలోలు దాటిన ఇనుప కాలిపర్లతో కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. పిల్లలు వాటితో తిరగడం చూసి తల్లిదండ్రులు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. తన జీవితంలోని గొప్ప ఆనందాల్లో ఇదొకటని కలాం ఎన్నో సభల్లో చెప్పారు.

ఆ పని గొప్పదే. దాన్ని మనం చెప్పుకునే తీరులోనే ఒక ముఖ్యమైన విషయం జారిపోతోంది. రాకెట్టు పదార్థం వచ్చి ఇనుమును తరిమేసింది, బరువు పదో వంతుకు పడిపోయింది అని చెప్పుకుంటాం. కలాం ప్రస్తావించిన కార్బన్-కార్బన్ అనే ఆ పదార్థం ప్రత్యేకత అంతా వేల డిగ్రీల వేడిని తట్టుకోవడంలో ఉంది. నడిచే కాలికి ఆ గుణంతో పనిలేదు. పైగా ఆ పిల్లలకు ఇచ్చింది ఫ్లోర్ రియాక్షన్ ఆర్థోసిస్ అనే రకం. అది మోకాలి చిప్ప కిందే ఆగిపోతుంది. మోకాలు నిలవని పిల్లలకు అంతకుముందు ఇచ్చే ఇనుప కాలిపర్ తొడ పైనుంచి బూటు దాకా ఉండేది. తొడపట్టీ, పక్క కమ్మీలు, మోకాలి లాకు, బరువైన బూటు, ఇవేవీ కొత్తదాంట్లో లేవు. అంటే పదార్థం మారడం వల్ల కొంత బరువు పోయింది, ఆ కాలికి అక్కరలేనివాటిని తీసేయడం వల్ల మరికొంత పోయింది. ఈ రెండో దాని వాటాను మనం లెక్కలోకి తీసుకోవడం లేదు. తేలికైన కాలిపర్ గురించి జరిగిన పనినంతా ఒకచోట పెట్టి చూస్తే నాకు బలంగా అనిపించేది ఇదే: మంచి కాలిపర్ మొదలయ్యేది పదార్థాల గదిలో కాదు, ఆ మనిషి కాలిలో ఏ కండరం పనిచేస్తోంది, ఏది పనిచేయడం లేదు అని చేత్తో పట్టి చూసే చోట.

పోలియో వైరస్ వెన్నుపాములో కండరాలను కదిలించే నాడీకణాలను చంపుతుంది. సోకిన 200 మందిలో సుమారు ఒకరికి శాశ్వతంగా పక్షవాతం మిగులుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఇళ్లలో ఈ కథ దాదాపు ఒకేలా వినిపిస్తుంది. పసిబిడ్డకు జ్వరం వచ్చింది, సూది వేయించారు, తెల్లారేసరికి కాలు వేలాడిపోయింది. సూది వల్ల పోలియో రాదు. కానీ వైరస్ ఒంట్లో ఉన్నప్పుడు కండరానికి వేసిన ఇంజెక్షన్ పక్షవాతాన్ని రెచ్చగొట్టగలదని వైద్యులు ఏనాడో గుర్తించారు. కాబట్టి ఆ తల్లులు చెప్పేది ఉత్త భ్రమ అని కొట్టిపారేయడానికి వీల్లేదు.

వైరస్ దెబ్బ అన్ని కండరాలకూ సమానంగా తగలదు. ఒకరికి తొడ ముందు కండరం పూర్తిగా పోయి, పిరుదు కండరం బాగానే ఉంటుంది. ఇంకొకరికి మోకాలు గట్టిగా ఉండి పాదం మాత్రం కిందికి వేలాడుతుంది. మరొకరికి ఒక కాలు నడుము దాకా పోయి, రెండో కాలు సగం పోతుంది. పోలియో కాలు అని ఒకే మాటతో పిలిచినా ఏ రెండు పోలియో కాళ్లూ ఒకటి కావు. ఇంకో సంగతి కూడా ఉంది. పోలియో కాలికి స్పర్శ పోదు. కుష్టు వల్లనో వెన్నుపూస దెబ్బతినడం వల్లనో మొద్దుబారిన కాలు, కాలిపర్ ఒరుసుకుని పుండు పడినా చెప్పలేదు. పోలియో కాలు చెబుతుంది. ఎక్కడ నొక్కుతోందో, ఎక్కడ వదులైందో, ఏ మెట్టు దగ్గర మోకాలు జారబోయిందో దానికి తెలుసు. పరికరం చేసేవాడికి ఇంతకంటే మంచి పరీక్షాయంత్రం దొరకదు. అయినా శిబిరాల్లో కాలిపర్ తొడిగి, నాలుగడుగులు వేయించి, ఫొటో తీసి పంపించేస్తే ఆ కాలు చెప్పేది ఎవరు వింటారు?

తొడ ముందు కండరం పోయినవాళ్లు నడిచే తీరు మన ఊళ్లలో అందరూ చూసిందే. ప్రతి అడుగుకూ చేతిని తొడ మీద ఆనించి వెనక్కి నొక్కుతారు. ఆ చేయి చేసేది నిజానికి కండరం చేయాల్సిన పని. మోకాలు ముడుచుకుపోకుండా చేత్తో నెట్టి నిలబెడుతున్నారు. దాంతో ఒక చేయి ఎప్పుడూ కాలికే అంకితమైపోతుంది. సంచి మోయాలన్నా, బిడ్డను ఎత్తుకోవాలన్నా, వానలో గొడుగు పట్టుకోవాలన్నా మిగిలేది ఒక్క చేయే. కొందరు ఏళ్ల తరబడి అలా వంగి నడిచి నడుము నొప్పి తెచ్చుకుంటారు. కాలిపర్ వల్ల మొట్టమొదట రావాల్సిన లాభం వేగం కాదు, ఆ చేతికి విడుదల.

పందొమ్మిదో శతాబ్దంలో లివర్‌పూల్‌కు చెందిన హ్యూ ఓవెన్ థామస్ అనే వైద్యుడు కీళ్ల జబ్బుల కోసం చేసిన ఇనుప ఊతల నుంచి ఈ కాలిపర్ల వంశం మొదలైంది. కాలికి రెండు పక్కలా కమ్మీలు, వాటిని కలుపుతూ తోలు పట్టీలు, మోకాలి దగ్గర కిందికి జారి బిగుసుకునే రింగు, అడుగున బూటు మడమలో దూర్చిన కొసలు. నూరేళ్లు గడిచినా ఆకారం పెద్దగా మారలేదు. అది కాలును నిలబెడుతుంది, కాదనలేం. అయితే మోకాలు లాకు చేసి ఉంటుంది కాబట్టి అడుగు ముందుకేసేటప్పుడు కాలు పొట్టి కాదు. నేలకు తగలకుండా ఉండాలంటే తుంటి పైకెత్తాలి, లేదా కాలిని పక్కకు తిప్పి అర్ధచంద్రాకారంలో విసరాలి. ఆ విసిరే కాలి కొసన కిలోన్నర బూటూ ఇనుమూ ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

బరువు ఎంత అన్నదానికన్నా ఎక్కడ ఉంది అన్నది ముఖ్యం. 1969లో సూల్, గోల్డ్‌మన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు మనుషులకు తలమీద, చేతుల్లో, పాదాలకు బరువులు పెట్టి నడిపించి, ఖర్చయ్యే శక్తిని కొలిచారు. పాదాలకు కట్టిన ప్రతి కిలోకూ, సొంత ఒంటి బరువులో ఒక కిలోను మోయడంతో పోలిస్తే, నాలుగు నుంచి ఆరు రెట్ల శ్రమ అయింది. తలమీద మూటతో మైళ్లు నడిచే మనిషి కూడా అదే మూటను కాళ్లకు పంచి కడితే ఊరి పొలిమేర దాటేసరికి అలసిపోతాడు. కాలు తుంటి దగ్గర వేలాడుతూ ఊగుతుంది. ఊగే వస్తువు కొసన చేర్చిన బరువు, తుంటి నుంచి ఉన్న దూరపు వర్గాన్ని బట్టి పని పెంచుతుంది. పాదం దగ్గర తగ్గించిన 100 గ్రాములు తొడ దగ్గర తగ్గించిన 100 గ్రాముల కంటే ఎంతో విలువైనవి.

ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు ఈ విషయం ఒంటికి తెలుసు. 1921లో, 39 ఏళ్ల వయసులో ఆయన కాళ్లు పడిపోయాయి. ఆ వ్యాధి పోలియో అనే వైద్యులు నిర్ధారించారు. అమెరికా అధ్యక్షుడయ్యాక కూడా సభల్లో నిలబడి మాట్లాడాలంటే ప్యాంటు కింద ఉక్కు కాలిపర్లు బిగించుకోవాల్సిందే. అవి కనబడకుండా నల్లరంగు వేయించుకునేవారు. 1945 మార్చి 1న, యాల్టా సమావేశం నుంచి తిరిగొచ్చాక, అమెరికా కాంగ్రెస్ ముందు మొదటిసారి కూర్చుని ప్రసంగిస్తూ మన్నించమని అడిగారు. కాళ్ల కింది భాగాన పది పౌన్ల ఉక్కు మోయకుండా మాట్లాడటం తనకు సులువని కారణం చెప్పారు. అంటే సుమారు నాలుగున్నర కిలోలు. ప్రపంచంలోనే అత్యంత శక్తిమంతుడైన రోగికి అప్పట్లో దొరికిన పరికరం అది.

ఆ తర్వాత వచ్చిన మార్పుల్లో నాకు అన్నిటికంటే తెలివైనదిగా కనిపించేది ఫ్లోర్ రియాక్షన్ పద్ధతే. నిమ్స్ పిల్లలకంటే ఎన్నో ఏళ్ల ముందు, 1969లోనే, సాల్టియెల్ అనే కాలిపర్ల నిపుణుడు మోకాలిని నిలబెట్టే పొట్టి కాలిపర్ గురించి రాశారు. మనం పాదం మోపినప్పుడు నేల మనల్ని తిరిగి పైకి నెడుతుంది. ఆ నెట్టుడు మోకాలి వెనకనుంచి వెళితే మోకాలు ముడుచుకుంటుంది. ముందునుంచి వెళితే చాచుకుంటుంది. చీలమండను కదలనివ్వకుండా, వేళ్లు కొద్దిగా కిందికి వాలేలా బిగించేస్తే పిక్క ఎముక ముందుకు పడిపోలేదు. అప్పుడు నేల నెట్టుడు మోకాలికి ముందుగా వెళుతుంది. మోకాలి చిప్ప కింద, కాలి ముందువైపు ఆనే పెంకు ఆ నెట్టుడును అందుకుని మోకాలిని వెనక్కి చాచి నిలబెడుతుంది. లాకు లేదు, తొడపట్టీ లేదు. పోయిన కండరం పనిని నేల చేస్తోంది. కాలు గాల్లోకి లేవగానే నేల నెట్టుడు ఉండదు కాబట్టి మోకాలు మామూలుగా ముడుచుకుంటుంది. తుంటి ఎగరేయక్కర్లేదు, తొడ మీద చేయీ అక్కర్లేదు.

ఇది అందరికీ పనికొస్తుందా అంటే, రాదు. మోకాలు అప్పటికే ముడుచుకుని బిగుసుకుపోయి ఉంటే నేల నెట్టుడు వెనకనుంచే పోతుంది, పరికరం నిష్ఫలం. మోకాలు ఇదివరకే వెనక్కి విల్లులా వంగి ఉంటే ఈ పద్ధతి దాన్ని ఇంకా వెనక్కి నెట్టి స్నాయువులను సాగదీస్తుంది. పిరుదు కండరంలో కొంతైనా బలం లేకపోతే ఒళ్లే ముందుకు తూలుతుంది. పాదం బాగా పక్కకు ఒరిగిపోయి ఉంటే ముందు దాన్ని సరిచేయాలి. కలాం కథ విని ఎక్కడెక్కడి నుంచో ఆ 300 గ్రాముల కాలిపర్ కోసం వచ్చినవాళ్లలో కొందరి కాలు దానికి సరిపడేది కాకపోయి ఉండాలి. అది ఆ పరికరం లోపం కాదు. ఒక పరికరాన్ని అద్భుతంగా ప్రచారం చేసి, అది ఎవరికి కుదురుతుందో చెప్పకపోవడం మాత్రం మన లోపమే.

శస్త్రచికిత్సకు ఈ బరువు లెక్కలో చోటుందని ఇక్కడే తెలుస్తుంది. చిన్నప్పుడు నేలమీద పాకుతూ, చేతులమీద దేకుతూ పెరిగిన పిల్లల మోకాళ్లు, తుంటి ముడుచుకుని బిగుసుకుపోతాయి. బిగుసుకున్న కాలికి ఎంత మంచి కాలిపర్ అయినా బరువైనదే కావాలి, ఎందుకంటే అది ఒంటి బరువుతో నిరంతరం పోట్లాడాలి. బిగిసిన కండరాలను వదులు చేసి, అవసరమైతే తొడ ఎముకను కోసి నిటారుగా కూర్చితే, అదే కాలికి సగం కాలిపర్ చాలు. టీటీడీ నడిపే తిరుపతి బర్డ్ ఆసుపత్రిలో ఏళ్ల తరబడి జరిగింది ఇలాంటి పనే. విశాఖపట్నంలో పోలియో శస్త్రచికిత్సా శిబిరాలు నడిపిన డాక్టర్ సుంకర వెంకట ఆదినారాయణరావుకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయనలాంటి వైద్యుల కత్తి పోలియో బాధితుల కాళ్ల మీద నుంచి ఎంత ఇనుము దించిందో ఎవరూ తూచి చూడలేదు. తేలికైన కాలిపర్ల చరిత్ర రాస్తే అందులో ఈ ఆపరేషన్ థియేటర్లకు కూడా ఒక అధ్యాయం ఉండాలి.

ఇక పదార్థాల సంగతి. ఉక్కు ఘన సెంటీమీటరుకు 7.8 గ్రాములు తూగుతుంది. అల్యూమినియం 2.7, కార్బన్ ఫైబర్ మిశ్రమం సుమారు 1.6, పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ 0.9. ఈ వరస చూడగానే ప్లాస్టిక్కే గెలిచిందనిపిస్తుంది. కానీ వంగకుండా నిలవడంలో ఉక్కు పాలీప్రొపిలీన్ కంటే వంద రెట్లకు పైగా గట్టిది. కాబట్టి ప్లాస్టిక్ కాలిపర్ గట్టిదనం దాని ఆకారం నుంచి రావాలి. రేకును చీలమండ ముందుదాకా చుట్టి తెస్తే గట్టిపడుతుంది, వెనక్కి కత్తిరిస్తే వంగుతుంది. అంచు ఒక సెంటీమీటరు ఇటో అటో అయితే మొత్తం నడకే మారిపోతుంది. కార్బన్ ఫైబర్ తేలికా గట్టీ రెండూ. దాని ఇబ్బంది ఇంకోటి. ప్లాస్టిక్ ఎక్కడన్నా నొక్కుతుంటే వేడిగాలి తుపాకీతో మెత్తబరిచి కాస్త బయటికి లాగొచ్చు. గట్టిపడిన కార్బన్‌ను అలా మళ్లీ మలచలేం. అచ్చు తీసేటప్పుడే కొలత తప్పకూడదు.

కార్బన్ కాలిపర్ వల్ల నిజంగా ఎంత మేలు? దీనికి కొలిచి చెప్పిన సమాధానం ఉంది. నెదర్లాండ్స్‌లో బ్రెమ్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో, అప్పటికే పాత కాలిపర్లు వాడుతున్న 20 మంది పోలియో బాధితులకు కార్బన్‌తో కొత్తవి చేసి ఇచ్చారు. నడకలో ఖర్చయ్యే శక్తి సగటున 8 శాతం తగ్గింది. నడక వేగంలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. జపాన్‌లో హచిసుకా బృందం కూడా పోలియో బాధితుల మీద కార్బన్ కాలిపర్లను పరీక్షించి, ఆక్సిజన్ ఖర్చును కొలిచింది. 8 శాతమేనా అని కొందరు పెదవి విరవొచ్చు. నేను అలా చూడను. ఆఫీసుకు వెళ్లి వచ్చేసరికి సోఫాలో కూలబడిపోయే మనిషికి, సాయంత్రం పిల్లవాడితో వీధి చివరిదాకా నడిచే ఓపిక మిగలడానికి ఆ 8 శాతం చాలొచ్చు. వేగం పెరగలేదంటే మేలు జరగలేదని కాదు. అదే వేగానికి తక్కువ అలసట. ఇరవై మందిని చూసి అందరికీ ఇంతే అని చెప్పలేమన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

మోకాలి దగ్గర ఇంకో దారి తెరుచుకుంది. కాలు మోపినప్పుడు లాకు పడి, ఎత్తగానే వదిలేసే మోకాలి కీళ్లు ఈ శతాబ్దం మొదట్లో మార్కెట్లోకి వచ్చాయి. ఆ తర్వాత ఒట్టోబాక్ కంపెనీ సీ-బ్రేస్ తెచ్చింది. అందులో సెన్సర్లు కాలు ఏ స్థితిలో ఉందో పసిగడితే, హైడ్రాలిక్ కీలు అందుకు తగ్గట్టు బిగుస్తూ వదులవుతూ ఉంటుంది. దాంతో మెట్లు దిగొచ్చు, ఏటవాలు దారిలో మోకాలు వంచి నడవొచ్చు. బ్యాటరీ, కీలు, సెన్సర్లు అన్నీ కలిపితే అది సాదా కార్బన్ కాలిపర్ కంటే బరువే. అయినా లాకు వేసిన తేలిక కాలిపర్ కన్నా ఇదే సుఖమనేవాళ్లు ఉన్నారు, ఎందుకంటే తుంటి ఎగరేసే శ్రమ తప్పుతుంది. బరువు తగ్గించడమే పరమార్థం కాదనడానికి ఇదొక మంచి నిదర్శనం. ధర మాత్రం లక్షల్లో. మన ఊళ్లో పింఛను మీద బతికే మనిషికి అందేది కాదు.

పరాయి దేశాల్లో గీసిన నమూనాలు మన ఇళ్లలో ఎక్కడ బెడిసికొడతాయో చూద్దాం. పాత ఇనుప కాలిపర్ బూటుకు అతికి ఉంటుంది. మన ఇళ్లలో, గుళ్లలో, పెళ్లి మండపంలో చెప్పులు గుమ్మం బయటే విప్పాలి. బూటు విప్పితే కాలిపర్ పోతుంది, కాలిపర్ పోతే నిలబడలేరు. దాంతో ఎంతోమంది బయట నడుస్తారు, ఇంట్లో పాకుతారు. ఎవరింటికన్నా పేరంటానికి పిలిస్తే వెళ్లకపోవడానికి ఇదొక కారణమని చెప్పే ఆడవాళ్లున్నారు. పాదం అడుగు దాకా వచ్చే ప్లాస్టిక్ కాలిపర్ ఈ చిక్కు విప్పింది. దానిమీద చెప్పు వేసుకోవచ్చు, విప్పేసి అలాగే లోపలికి నడవొచ్చు. కానీ ప్లాస్టిక్ అడుగు తడి గచ్చు మీద జారుతుంది. బాత్రూంలో పడి తుంటి విరగ్గొట్టుకునే ప్రమాదం చిన్నది కాదు, పోలియో కాలి ఎముకలు సన్నగా, పెళుసుగా ఉంటాయి కాబట్టి. అడుగున పలచటి రబ్బరు పొర అతికించడం ఖర్చులేని పని. చాలాచోట్ల అదీ చేయరు.

నేలమీద కూర్చోవడం ఇంకో పరీక్ష. భోజనాల వరసలో బాసింపట్టు వేసుకోవాలంటే మోకాలు పూర్తిగా ముడవాలి. పొడుగు కాలిపర్ వెనక అంచు తొడ కింద గుచ్చుకుంటుంది. ఆ అంచును ఇంకాస్త కిందికి కోస్తే కూర్చోవచ్చు, కానీ నిలబడినప్పుడు ఆనడానికి చోటు తగ్గుతుంది. ఈ బేరం ఎక్కడ తెగ్గొట్టాలో ఆ మనిషినే అడగాలి. కుర్చీలో కూర్చుని టైలరింగ్ చేసే ఆవిడకూ, పొలం గట్టున కూర్చునే రైతుకూ జవాబులు వేరు. ఎండాకాలంలో ప్లాస్టిక్ లోపల చెమట ఇంకో బాధ. రెంటచింతల ఎండలో పాలీప్రొపిలీన్ పెంకు తొడుక్కుని నడిచేవాళ్లకు నూలు మేజోడు, పెంకుకు చిల్లులు ఉండి తీరాలి.

బరువు లెక్కలో అందరూ మరచిపోయేది చెప్పు. చిన్నప్పుడే పోలియో వచ్చిన కాలు పొట్టిగా, సన్నగా పెరుగుతుంది, పాదం కూడా చిన్నదవుతుంది. ఒక్కో సైజులో ఒక్కో జత కొని రెండు చెప్పులు పారేసేవాళ్లు ఉన్నారు. పొట్టి కాలికి అడుగున ఎత్తు వేయించాలి. ఆ ఎత్తు చెక్కతోనో గట్టి రబ్బరుతోనో చేస్తే, పైన కార్బన్‌తో ఆదా చేసిందంతా కింద వృథా. తేలికైన నురుగు రబ్బరు వాడి, లోపల బోలుగా తొలిచి ఎత్తు కట్టొచ్చు. కాలి కొసన బరువు తగ్గించడానికి ఇంతకంటే చవకైన మార్గం లేదు.

ఈ నిర్ణయాలన్నీ చేతికొచ్చేది వర్క్‌షాపులో. కాలికి గుడ్డ తొడిగి, ఎముకలు పొడుచుకొచ్చే చోట్ల రంగు పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, తడిపిన ప్లాస్టర్ కట్లు చుడతారు. అది గట్టిపడేలోగా పాదాన్ని కావాల్సిన కోణంలో పట్టుకోవాలి. రెండు చేతులతో మడమను, పాదం మధ్య భాగాన్ని నొక్కి నిలిపే ఆ కొన్ని నిమిషాల్లోనే కాలిపర్ భవిష్యత్తు తేలిపోతుంది. తర్వాత అచ్చు కోసి తీసి, అందులో ప్లాస్టర్ పోసి కాలి ప్రతిమ చేస్తారు. బరువు ఆనగలిగిన చోట ఆకురాయితో గీకి తగ్గిస్తారు, ఆనకూడని చోట ప్లాస్టర్ పూసి పెంచుతారు. మోకాలి కింద బయటివైపు చిన్న ఎముక గుబ్బ ఉంటుంది. దాని మెడ మీదుగా పాదాన్ని పైకెత్తే నరం వెళుతుంది. అక్కడ పెంచడం మరిచిపోతే కాలిపరే ఆ నరాన్ని నొక్కి, మిగిలిన కాస్త బలాన్నీ తీసేస్తుంది. ఆఖర్న పొయ్యిలో మెత్తబడి పారదర్శకంగా మారిన ప్లాస్టిక్ రేకును ప్రతిమ మీద పరిచి, లోపలి గాలి లాగేస్తే అది చర్మంలా అతుక్కుంటుంది. ఇప్పుడు స్కానర్లు, త్రీడీ ప్రింటర్లు వచ్చి ప్లాస్టర్ మురికిని, సమయాన్ని తగ్గిస్తున్నాయి. మంచిదే. కానీ స్కానర్ ఉన్న కాలిని చూపిస్తుంది, ఉండాల్సిన కోణంలో పట్టుకోలేదు. ఆ చేతుల పని ఎవరో ఒకరు చేయాల్సిందే.

ఇనుమును వెక్కిరించడం నాకు ఇష్టం ఉండదు. పట్టీ తెగితే చెప్పులు కుట్టే ఆయన కుట్టిపెడతాడు, కమ్మీ విరిగితే వెల్డింగ్ షాపులో అతికిస్తారు. ఉగాండాలో 1960లలో పోలియో పిల్లల కోసం పనిచేసిన ఆర్థోపెడిక్ సర్జన్ రోనాల్డ్ హక్‌స్టెప్, స్థానికంగా దొరికే సామానుతో అక్కడివాళ్లే చేయగలిగిన చవక కాలిపర్లను రూపొందించి, 1975లో పేద దేశాల కోసం ఒక మార్గదర్శిని రాశారు. కాన్పూర్‌లో 1972లో ఏర్పడిన ప్రభుత్వ కృత్రిమ అవయవాల సంస్థ ఆలిమ్‌కో, 1975లో మొదలైన జైపూర్ ఫుట్ సంస్థ దేశమంతా కాలిపర్లు పంచాయి. వికలాంగులకు సహాయక పరికరాలిచ్చే కేంద్రం ఆడిప్ పథకం 1981 నుంచి ఉంది. వీళ్లు లేకపోతే లక్షలాదిమంది నేలమీదే ఉండిపోయేవాళ్లు. 1990లలో కంబోడియా యుద్ధబాధితుల కోసం రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ అభివృద్ధి చేసిన పాలీప్రొపిలీన్ పద్ధతి, తేలికదనాన్నీ చవకనూ ఒకచోట చేర్చింది. కార్బన్ కాలిపర్ పగిలితే మన మండల కేంద్రంలో బాగుచేసేవాళ్లు లేరు. కొత్తది వచ్చేదాకా ఆ మనిషి అటకమీది పాత ఇనుమునే దించుకుంటాడు. రిపేరుకు చోటు లేని తేలికదనం సగం తేలికదనమే.

ఇప్పుడు ఇవన్నీ ఎవరికోసం? మన దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల చివరి కేసు 2011 జనవరి 13న హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చి 27న భారత్‌కు పోలియోరహిత ధ్రువీకరణ వచ్చింది. దాంతో పోలియో అయిపోయిందన్న మాట పాతుకుపోయింది. పల్స్ పోలియో మొదలైన 1995కు ముందు పుట్టినవాళ్లే ఈ బాధితుల్లో అత్యధికులు. వాళ్లు ఇప్పుడు ముప్పై దాటినవాళ్లు, యాభై అరవైల్లో ఉన్నవాళ్లు. కలాం చూసిన పిల్లలు కూడా ఇవాళ నడివయసులో ఉంటారు. పిల్లలకు సరిపడిన 300 గ్రాములు, 75 కిలోల మనిషిని మెట్లమీద మోయవు.

పైగా పోలియో వచ్చిన 15 నుంచి 40 ఏళ్ల తర్వాత చాలామందిలో కొత్తగా నీరసం, కండరాల నొప్పి, బలహీనత మొదలవుతాయి. దీన్ని పోస్ట్-పోలియో సిండ్రోమ్ అంటారు. బతికి మిగిలిన నాడీకణాలు చచ్చినవాటి పని కూడా ఇన్నేళ్లూ నెత్తినేసుకుని అలసిపోవడం దీనికి కారణమని ఎక్కువమంది భావిస్తున్నారు. చిన్నప్పుడు కాలిపర్ వదిలేసి పట్టుదలతో నడిచినవాళ్లు ఇప్పుడు మళ్లీ దాని దగ్గరకు రావాల్సి వస్తోంది. అది ఓటమి అనుకుని వాయిదా వేసేవాళ్లు పడిపోయి వస్తారు. వాళ్లకు కావాల్సింది మంచి కాలి కండరాలను మరీ అలసిపోనివ్వని, భుజాల మీద భారం తగ్గించే పరికరం. ఇన్నేళ్లూ చంకకర్రలు వాడినవాళ్ల భుజాలు కూడా అరిగిపోయి ఉంటాయి. ఈ వయసువాళ్ల కోసం రూపకల్పన చేసే పని మన దగ్గర సరిగా మొదలే కాలేదని నా అభిప్రాయం.

ఆ పని మొదలవ్వాలంటే ముందు కాగితం మీద రాసేది మారాలి. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం శాతం ఉంటుంది. దాంతో పింఛను వస్తుంది, బస్సు పాసు వస్తుంది. కాలిపర్ ఎలాంటిది కావాలో ఆ శాతం చెప్పదు. కాలిపర్ ఇచ్చే ప్రతి కేంద్రం చేతికిచ్చే కార్డులో ఏ కండరానికి ఎంత బలం ఉందో రాయాలి. చెప్పుతో సహా కాలిపర్‌ను త్రాసులో పెట్టి, బరువు ఎంతో రాయాలి. నెల తర్వాత తిరిగి చూసే తేదీ వేయాలి, ఆ రోజు కాలు ఎక్కడ ఎర్రబడిందో చూసి అక్కడే సరిచేయాలి. పట్టీ, రివెటు, రబ్బరు అడుగు మార్చడానికి జిల్లాలో ఎవరి దగ్గరకు వెళ్లాలో ఫోన్ నంబరుతో ఉండాలి. శిబిరం ఎత్తేశాక కూడా అక్కడ మనిషి ఉండాలి, అతనికి జీతం ఉండాలి.